బాబాసాహెబ్ గది, మన పిల్లల గది

(ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతి సభలో ఒక ఉపాధ్యాయ మిత్రుడు చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రతి ఏడూ ఈ రోజున మనం ఇక్కడ చేరతాం. దండ వేస్తాం, పాట పాడతాం, మైకు చేతికొచ్చిన ప్రతివాడూ బాబాసాహెబ్ ఎన్ని పట్టాలు పుచ్చుకున్నాడో లెక్క చెప్తాడు. ఎమ్మే, పీహెచ్‌డీ, ఎమ్మెస్సీ, డీఎస్సీ, బారిస్టరు. పిల్లలు చప్పట్లు కొడతారు. కొట్టాల్సిందే. అయితే ఆ పట్టాలు చదివే రోజుల్లో ఆయన ఏ గదిలో పడుకున్నాడు, ఏం తిన్నాడు, ఆయన గదికి ఎవరొచ్చారు, పట్టా ఇచ్చే రోజున ఆయన ఎక్కడున్నాడు? ఈ సంగతులు మైకులో ఎవరూ చెప్పరు. ఈ ఏడు మన పల్లె నుంచీ పక్క రెండు పల్లెల నుంచీ కలిపి ముగ్గురు పిల్లలు విదేశం చదువులకి ప్రయాణం కడుతున్నారు. అందుకని ఈ పూట ఆ సంగతులే మాట్లాడుకుందాం.

1913 జూలై. ఇరవై రెండేళ్ల కుర్రవాడు న్యూయార్కులో ఓడ దిగాడు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే తండ్రి రాంజీ కన్నుమూశాడు. ఇంటి దగ్గర భార్య రమాబాయి, చంకలో పసిబిడ్డ. బరోడా మహారాజు ఇస్తానన్నది నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్ల పాటు. ఊరికే ఇవ్వలేదు. తిరిగొచ్చాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చెయ్యాలని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు.

ఆయన చిన్నప్పుడు సతారా బడిలో కూర్చున్న తీరు మీకు తెలిసిందే. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద, మిగతా పిల్లలకి ఎడంగా. దాహమేస్తే బంట్రోతు ఎత్తి పోస్తే తాగాలి. బంట్రోతు రాని రోజున నీళ్లు లేవు. ఆ గోనెపట్టా పిల్లవాడే కొలంబియా విశ్వవిద్యాలయంలో హార్ట్‌లీ హాల్ అనే హాస్టల్లో దిగాడు. అక్కడి తిండి పడలేదు, కొద్ది రోజులకే మారాడు. 114వ వీధిలో మన దేశపు విద్యార్థులు కొందరుండే కాస్మోపాలిటన్ క్లబ్బుకి పోయాడు. ఆ తర్వాత లివింగ్‌స్టన్ హాల్. అక్కడ ఆయనతో కలిసి ఉన్నవాడు నావల్ భతేనా అనే పార్సీ విద్యార్థి.

వినడానికి ఇది చిన్న సంగతిలాగే ఉంటుంది. ఒక మహర్, ఒక పార్సీ ఒకే కప్పు కింద చదువుకున్నారు, అంతేగదా అంటారు. మన పల్లెలో పుట్టినవాడికి అది చిన్నది కాదు. మన ఇళ్లకి ఊళ్లోవాళ్లు ఎవరొస్తారు? ఓట్లకి వస్తారు, కూలికి పిలవడానికి వస్తారు. వాకిట్లో నిలబడి పిలుస్తారు. కుర్చీ వేస్తే కూర్చోరు, మంచినీళ్లు ఇస్తే ఇప్పుడే తాగొచ్చామంటారు. ఎమ్మే చదివి బడిలో పాఠాలు చెప్పే మా ఇళ్లకీ అదే వరస. తోటి మాస్టార్లు స్టాఫ్ రూములో మా క్యారేజీలోంచి కూర వేసుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో మాకు తెలుసు. చుట్టం వస్తే కంచం పెట్టడం మనకి చేతకాక కాదు. మన కంచంలో తినే చుట్టం మన కులంవాడే తప్ప వేరొకడు రాకుండా కట్టుబాటు చేశారు. న్యూయార్కులో ఆ కట్టుబాటు తెగింది. తలుపు కొట్టినవాడి కులం అడగని గది ఒకటి ఆయనకి దొరికింది.

దాని ఫలితం చూడండి. బరోడా రాజుగారి స్కాలర్‌షిప్పుకి గడువుంది, 1917లో అయిపోయింది. లండనులో మొదలుపెట్టిన చదువు సగంలో వదిలి ఆయన తిరిగి రావలసి వచ్చింది. మళ్లీ 1920లో లండనుకి బయల్దేరాడు కదా, అప్పుడు ఐదు వేల రూపాయలు అప్పిచ్చింది ఎవరనుకున్నారు? ఆ భతేనాయే. కొల్హాపూర్ షాహూ మహారాజ్ కొంత సాయం చేశాడు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి ఆయనే కొంత కూడబెట్టుకున్నాడు. గదిలో పుట్టిన స్నేహం సంస్థానం ఇచ్చిన జీతం కంటే ఎక్కువ కాలం నిలబడింది. ఆయన ఆ కాలేజీలో ఆచార్యుడుగా ఉన్నప్పుడు మాత్రం, ఆచార్యులకని పెట్టిన కుండలో ఆయన నీళ్లు తాగకూడదని తోటివాళ్లు కొందరు అభ్యంతరం చెప్పారు. సతారా బంట్రోతు బొంబాయి దాకా వెంట వచ్చాడన్నమాట.

ఇక 1917లో బరోడాలో జరిగింది. బాబాసాహెబే స్వయంగా రాసి పెట్టుకున్నాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని చిన్న పుస్తకం, 1990లో అచ్చయింది. మన పిల్లలు వీసా కోసం హైదరాబాదులో నానక్‌రామ్‌గూడ కాన్సులేటు ముందు తెల్లవారుజామునే లైన్లో నిలబడుతున్నారు. బాబాసాహెబ్ వీసా కోసం ఎదురుచూసింది పరాయి దేశంలో అడుగు పెట్టడానికి కాదు, సొంత దేశంలో రాత్రి తలదాచుకోవడానికి.

ఎమ్మే పట్టా పుచ్చుకున్నవాడు, కొలంబియాలో పీహెచ్‌డీకి కావలసిన చదువంతా ముగించినవాడు, బరోడా స్టేషనులో దిగాడు. విదేశాల్లో ఉన్నన్నాళ్లూ తాను అంటరానివాణ్ణన్న స్పృహే పోయిందనీ, స్టేషనులో దిగాక ఎక్కడికి పోవాలన్న ప్రశ్న ఎదురైందనీ రాశాడు. హిందూ హోటళ్లున్నాయి, రానివ్వరు. కులం దాచి పోవచ్చు, బయటపడితే ఏమవుతుందో తెలుసు. చివరికి ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగాడు. పాత సామాన్లు కుక్కిన పెద్ద హాలు, మినుకు మినుకుమనే దీపం, మాట్లాడే దిక్కు లేదు. పుస్తకాలు చదువుతూ మరిచిపోవాలని చూశాడు. పదకొండో రోజు పొద్దున ఆఫీసుకి బయల్దేరుతుంటే డజనుమంది పార్సీలు కర్రలు పట్టుకుని మెట్లెక్కి వచ్చారు. వారం రోజులు గడువడిగితే ఇవ్వలేదు, సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యాలన్నారు.

అన్నలారా, ఇక్కడ ఆగి చూడాలి. అమెరికాలో గది పంచుకున్నదీ పార్సీయే, బరోడాలో కర్ర పట్టుకున్నదీ పార్సీలే. పార్సీలకి వర్ణవ్యవస్థ లేదు. ఈ మట్టి మీద బతుకుతూ హిందువుల దగ్గర నేర్చుకున్నారు. కులం రక్తంలో ఉందనేవాళ్లకి ఈ రెండు గదులూ చూపించండి. అదే జాతి మనిషి ఒక ఊళ్లో స్నేహితుడు, ఇంకో ఊళ్లో కర్ర. ఊరు మారితే మనిషి మారాడంటే, మార్చవలసింది ఊరినే.

ఆ రోజు ఆయన ఇద్దరు స్నేహితుల దగ్గరికి పోయాడు. హిందూ స్నేహితుడు, నువ్వొస్తే మా ఇంట్లో పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. రెండోవాడు బ్రాహ్మణుల్లోంచి కిరస్తానంలో కలిసినవాడు. భార్యనడిగి చెప్తానన్నాడు. ఆ మాటకి అర్థమేమిటో బాబాసాహెబ్‌కి తెలుసు. బొంబాయి రైలు రాత్రి తొమ్మిదింటికి. ఐదు గంటల సేపు కామాఠీ బాగ్ అనే పార్కులో కూర్చుని, రైలెక్కి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పట్టాల సంగతి. పట్టాలిచ్చే పండగని పుస్తకాల్లో 'స్నాతకోత్సవం' అని రాస్తారు. స్నాతకుడంటే గురువు దగ్గర వేదం ముగించి స్నానం చేసి ఇంటికొచ్చే బ్రహ్మచారి. వేదం విన్న శూద్రుడి చెవిలో సీసం పొయ్యమన్న శాస్త్రాల మాట అది. ఆ మాట మనకెందుకు? మనం పట్టాల పండగ అందాం.

ఆ పండగ బాబాసాహెబ్‌కి ఎలా జరిగింది? 1916 నాటికే కొలంబియాలో ఆయన చదువు పూర్తయింది. పీహెచ్‌డీ పట్టా అధికారికంగా చేతికొచ్చింది 1927 జూన్ 8న. పదకొండేళ్లు! తెలివి చాలక కాదు. పరిశోధన గ్రంథాన్ని అచ్చువేసి ప్రతులు దాఖలు చేస్తేనే పట్టా అన్న నియమం ఉన్న కాలం అది. అచ్చువెయ్యడానికి డబ్బు కావాలి, తీరిక కావాలి. ఆ పుస్తకం 1925లో లండనులో అచ్చయింది. గురువు సెలిగ్మన్ దానికి ముందుమాట రాశాడు. పట్టా వచ్చిన 1927 జూన్‌లో ఆయన ఎక్కడున్నాడు? బొంబాయిలో. అంతకి మూడు నెలల ముందు, మార్చి 20న, మహద్ చెరువులో మన జనంతో నీళ్లు తాగించాడు. ఒకే ఏడాదిలో అమెరికా ఆయనని డాక్టరన్నది, మహద్ సవర్ణులు ఆయన ముట్టిన చెరువుని కడిగి శుద్ధి చేసుకున్నారు.

లండను పట్టా కూడా అంతే. డీఎస్సీకి గ్రంథం ఇచ్చాడు. పరీక్షకులు అభ్యంతరాలు చెప్పి తిరగరాయమన్నారు. చేతిలో డబ్బు అయిపోయి 1923లో బొంబాయి వచ్చేశాడు. ఇక్కణ్ణించే తిరగరాసి పంపాడు. ఆ ఏడు చివర్లో ఒప్పుకున్నారు. గౌను తొడుక్కుని ఫోటో దిగే భాగ్యం ఆ రెండు పట్టాలకీ లేదు. లండనులో ఉన్న రోజుల్లో తిండి ఎలా ఉండేదో ఆయన జీవిత చరిత్రలో ఉంది. పొద్దున ఇంటావిడ పెట్టే రొట్టెముక్క, రాత్రి ఆకలేస్తే ఎవరో ఇచ్చిన అప్పడాలు నాలుగు రేకు మీద వేయించుకుని, ఒక కప్పు వేడి పానీయంతో సరిపెట్టుకోవడం. అదే కాలంలో బొంబాయిలో రమాబాయి పిల్లల్ని పెట్టుకుని ఎంత కటకటగా సంసారం ఈదిందో మన ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ పట్టాల్లో సగం ఆమెవి. ఏ విశ్వవిద్యాలయమూ ఆమె పేరు చదవలేదు.

చివరికి 1952 జూన్ 5న కొలంబియా ఆయనని పిలిచి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఆ పండగకి ఆయన స్వయంగా వెళ్లాడు. అప్పటికి అరవై ఒక్కేళ్లు, ఆరోగ్యం బాగాలేదు. ఆయన ఎంతో ఇష్టపడిన గురువు జాన్ డ్యూయీ జూన్ 1న చనిపోయాడు. పండగకి నాలుగు రోజుల ముందు. 1953 జనవరి 12న మన హైదరాబాదులో ఉస్మానియా వాళ్లు కూడా గౌరవ డాక్టరేటు ఇచ్చారు. ఇది మన పిల్లలకి పాఠ్యపుస్తకంలో ఎందుకు లేదో మేం అడుగుతూనే ఉన్నాం.

లండనులో 1921, 22ల్లో ఆయన అద్దెకున్న ఇల్లు, 10 కింగ్ హెన్రీస్ రోడ్డు, 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొన్నది. మ్యూజియం చేస్తామంటే, జనం వచ్చి గొడవగా ఉంటుందని పక్కిళ్లవాళ్లు అభ్యంతరం చెప్పారు. అక్కడి కౌన్సిలు మొదట కాదన్నది. విచారణ జరిగి 2020లో అనుమతి వచ్చింది. చనిపోయిన అరవై ఏళ్లకి కూడా ఆయన ఇంటికి చుట్టాలు రావడానికి పర్మిషను కావలసి వచ్చిందన్నమాట! అక్కడ కులం కారణమని మేం అనడం లేదు. వరస మాత్రం మనకి అలవాటైనదే. లండను పోయే మన పిల్ల ఎవరైనా ఉంటే ముందు ఆ గుమ్మం తొక్కి రండి.

ఇప్పుడు ఈనాటి మాట. విదేశం పోవాలంటే డబ్బు. బాకీకి బ్యాంకు పోతే, ఏడున్నర లక్షల దాకా పూచీకత్తు పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. ఆ పైన కావాలంటే పొలం కాగితాలో ఇంటి కాగితాలో పెట్టమంటారు. మనకి పొలం ఎక్కడిది? ఉన్న మూడు సెంట్లకీ పట్టా ఉందో లేదో తెలియదు. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పు 1954-55లో మొదలైంది. దేశం మొత్తానికి ఏడాదికి 125 మంది, అందులో ఎస్సీలకి 115. కోట్ల జనానికి 115! అది చాలక 2022లో ఒక నిబంధన పెట్టారు. భారతదేశపు సంస్కృతి, చరిత్ర, సమాజం గురించి పరిశోధన చేస్తామంటే ఈ డబ్బు ఇవ్వరట. 1916 మే 9న బాబాసాహెబ్ కొలంబియాలో చదివిన వ్యాసం భారతదేశంలో కులాల గురించే. ఈ నిబంధన ఆనాడుంటే ఆయన కాగితం ఢిల్లీలోనే చించేసేవాళ్లు. మన బతుకు గురించి మనం తప్ప ఎవడైనా చదవొచ్చు!

తెలంగాణలో అంబేద్కర్ పేరుతో ఓవర్సీస్ విద్యానిధి ఉంది, ఇరవై లక్షలు. అయితే అది రెండు వాయిదాల్లో. అక్కడ దిగినట్టు కాగితం చూపించాక మొదటిది, మొదటి సెమిస్టరు పాసయ్యాక రెండోది. అంటే దిగడానికి ముందు కావలసిన డబ్బు మనమే చూసుకోవాలి. ఆ సందులోనే వడ్డీవాడు దూరతాడు. నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీ. ఆంధ్రలో 2022లో అంబేద్కర్ పేరు తీసేసి ముఖ్యమంత్రి పేరు పెట్టారు. పథకాలకి వాళ్ల పేర్లు పెట్టుకునే తొందర, పిల్లల ఖాతాలో డబ్బు వేసేటప్పుడు ఉంటే బాగుండును.

సరే, అప్పో సప్పో చేసి పిల్ల దిగింది. గది కావాలి. అక్కడ మన తెలుగువాళ్లే నలుగురైదుగురు కలిసి ఇల్లు అద్దెకి తీసుకుంటారు. ఫోన్లో అడుగుతారు: ఏ ఊరు? ఊళ్లో ఎక్కడ? ఇంటిపేరేమిటి? నాన్నగారేం చేస్తారు? వెజ్జా, నాన్‌వెజ్జా? ఐదు ప్రశ్నలు, సముద్రం దాటిన బంట్రోతు. అడిగేవాడికి తాను కులం అడుగుతున్నట్టే అనిపించదు, అంత అలవాటు. మన పిల్ల జవాబు చెప్పేలోగా చెమట పడుతుంది. ఇంటిపేరు మింగేసినవాళ్లున్నారు. ఊరి పేరడిగితే పక్క టౌను పేరు చెప్పినవాళ్లున్నారు. వాళ్లని తప్పు పట్టడానికి ఈ సభ పెట్టలేదు. బరోడాలో పార్సీ పేరు రాయించినవాడు మనకి దేవుడితో సమానం. గది దొరక్క దాచుకున్న పేరు సిగ్గు కాదు. దాచుకునేలా చేసినవాడిది సిగ్గు.

మన పల్లె ఆడపిల్ల ఒకతె పోయిన మే నెలలో అమెరికాలో ఎమ్మెస్ ముగించింది. పేరు చెప్పద్దన్నది, చెప్పం. తండ్రి తాపీపని, తల్లి మిరపకోతలకి పోతుంది. పట్టాల పండగకి వారం ముందు, ఇంజనీరింగులో తనతో చదివి వేరే రాష్ట్రాల్లో ఉంటున్న ముగ్గురు స్నేహితురాళ్లు నాలుగు రోజులుండటానికి వస్తామన్నారట. పిల్లకి ఒకటే సంబరం. అమ్మకి ఫోన్ చేసి గోంగూర మాంసం ఎలా వండాలో అడిగింది. తర్వాత మాకు ఫోన్ చేసింది. గొంతు మారింది. "మాస్టారూ, నా గది గోడకి బాబాసాహెబ్ ఫోటో ఉంది. వాళ్లకి నా సంగతి తెలీదు. ఆ నాలుగు రోజులూ తీసి పెట్టెలో పెట్టనా?" అన్నది.

ఆ సాయంత్రం సంఘం వాళ్లం ఐదారుగురం ఉన్నాం అక్కడ. కుర్రాళ్లు వెంటనే ఎగిరారు, తీస్తే ఎలా, తీయకూడదు అని. ఇక్కడ చెట్టు కింద కూర్చుని ఎగరడం తేలిక. అక్కడ ఉద్యోగం దొరకాలంటే తెలిసినవాళ్లే కంపెనీలో చెప్పాలి. పట్టా వచ్చాక ఏడాది పనికి అనుమతిస్తారు, ఇంజనీరింగువాళ్లకి ఇంకో రెండేళ్లు పొడిగిస్తారు. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా మొత్తం తొంభై రోజులు దాటితే ఇంటికే. వచ్చే ఆ ముగ్గురిలో ఇద్దరు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లు. అందుకని తియ్యమనీ ఉంచమనీ మేం హుకుం వెయ్యలేదు. బరోడా సంగతి చెప్పాం. "గది నీది తల్లీ, అద్దె నువ్వు కడుతున్నావు. నువ్వేం చేసినా మేం నీ వెనకే" అన్నాం.

ఫోటో ఉంచింది. ముగ్గురూ వచ్చారు. చాప మీద కూర్చుని అన్నం తింటున్నారు. ఒకమ్మాయి గోడ చూసి, "ఇది నీ రూమ్మేట్‌దా?" అని అడిగింది. "నాదే" అన్నది మన పిల్ల. కాసేపు ఎవరూ మాట్లాడలేదట. అడిగినమ్మాయి అన్నం కలిపి ఊరుకుంది, కడుపు నిండిందన్నది. మర్నాడు వేరే స్నేహితురాలి ఇంటికి మారిపోయింది, ఏదో పనుందని. రెండో అమ్మాయి ఏమీ ఎరగనట్టే ఉంది. మూడో అమ్మాయి మారు వడ్డించుకుని తిన్నది. తిన్నాక నాలుగు కంచాలూ ఒక్కతే కడిగింది. మన ఊరి హోటల్లో మన గ్లాసు మనమే కడుక్కుని దూలానికి పెట్టిన రోజులు ఇక్కడ ముసలాళ్లకి గుర్తే. ఆ పిల్ల ఫోన్లో ఈ కంచాల మాట చెప్తుంటే మన పెద్దమ్మ ఒకావిడ రెండుసార్లు అడిగింది, "ఏ కంచాలు? మన పిల్ల తిన్నదా?" అని.

పండగకి అమ్మానాన్నల పేరిట రెండు టిక్కెట్లిచ్చారు విశ్వవిద్యాలయం వాళ్లు. వాళ్లెలా పోతారు? పోయి తిరిగొస్తారన్న నమ్మకానికి ఆస్తి కాగితాలడిగితే జాబ్ కార్డు చూపించాలి. ఆ టిక్కెట్ల మీద ఉండిపోయిన ఇద్దరమ్మాయిలూ వెళ్లి కూర్చున్నారు. మనం ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరకి బడి వరండాలో దుప్పటి కట్టి, ప్రొజెక్టరు పెట్టి చూశాం. వంద మందిమి ఉంటాం. అందరూ నల్ల గౌన్లలో ఉంటే తల్లి పోల్చుకోలేకపోయింది. పేరు చదివినాయన నోరు తిరక్క ఇంటిపేరు విరిచి విరిచి పలికాడు. ఏ ఇంటిపేరైతే దాచాలనుకుందో ఆ ఇంటిపేరు! అప్పుడు గుర్తుపట్టింది తల్లి. తండ్రి ఒకటే మాటడిగాడు, "ఆ గౌను మనదేనా?" అని. అద్దెదన్నాం. "ఇంత అప్పులో దానికో అద్దా" అన్నాడు. కళ్లు తుడుచుకుంటూనే అన్నాడులెండి.

వెళ్లిపోయిన అమ్మాయి మళ్లీ ఫోన్ చెయ్యలేదు. ఉద్యోగానికి ఆమె చెప్తానన్న మాట కూడా పోయింది. మన పిల్ల రెండు నెలల పైన తిప్పలు పడి, వేరే దారిన పని సంపాదించింది. ఫోటో ఖరీదు అదీ. కట్టింది తనే.

ఇటువంటివి జరిగితే చెప్పుకునే చోటు కొన్ని చోట్ల ఇప్పుడుంది. పోయే పిల్లలు చెవిన వేసుకోండి. 2019 డిసెంబరులో అమెరికాలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం కులవివక్షని తన నియమాల్లో నిషేధించింది. 2022 జనవరిలో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం, దాని ఇరవై మూడు క్యాంపసులకీ కలిపి, కులం పేరు రాసింది. 2023 ఫిబ్రవరి 21న సియాటిల్ నగరం చట్టమే చేసింది, అక్కడ అదే మొదటిది. ఆ ఏడే కాలిఫోర్నియా శాసనసభ బిల్లు పాస్ చేస్తే అక్టోబరులో గవర్నరు ఆపేశాడు. ఆపమని తిరిగినవాళ్లెవరో తెలుసా? మన దేశంవాళ్లే, అక్కడ కులమే లేదని చెప్పినవాళ్లు. లేనిదానికి చట్టం వస్తే భయమెందుకో!

ఇక సంఘం చెయ్యాల్సిన పని చెప్పి ముగిస్తాం. మనం చందాలెత్తేది విమానం టిక్కెట్టుకి. దండలేసి ఎయిర్‌పోర్టుకి పంపి, అక్కడితో మరిచిపోతున్నాం. బాబాసాహెబ్‌కి డబ్బు కటకట వచ్చింది మొదట్లో కాదు, చివర్లో. మన పిల్లలకీ అంతే. ఆఖరి సెమిస్టరు ఫీజు బాకీ ఉంటే పట్టా ఆపుతారు. పని దొరికే దాకా మూడు నాలుగు నెలల అద్దె ఎవరూ ఇవ్వరు. కాబట్టి ఈసారి ఎత్తే చందాలో సగం ముట్టకుండా బ్యాంకులో వేద్దాం, ఆఖరి సెమిస్టరుకి. ఖాతా ముగ్గురి పేర్ల మీద ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి కావాలి. లెక్క ప్రతి మూడు నెలలకీ ఈ బోర్డు మీద రాయాలి.

రెండో పని. మన జిల్లా పల్లెల నుంచి ఇప్పటికే విదేశాల్లో ఉన్న మన పిల్లలు ఎందరో ఒక్కచోట రాసినవాళ్లు లేరు. కొత్తగా దిగే పిల్లకి మొదటి పది రోజులు పడుకోవడానికి చోటు, కడుపుకింత అన్నం, ఆ ఐదు ప్రశ్నలు అడగని మనిషి కావాలి. పోయిన ఏడు పట్టా పుచ్చుకున్న ఆ పిల్లే ముందుగా చెప్పింది, తన గదిలో ఇద్దరికి చోటుందని, ఏ పల్లె నుంచి వచ్చినా సరేనని. మాల పల్లెనా మాదిగ పల్లెనా అని మనలో మనం అడిగే రోగం కూడా అక్కడికి ఎక్కించి పంపకండి.

నోటుబుక్కు బడిలో మా టేబులు మీద ఉంటుంది. మీ పిల్లలు, చుట్టాల పిల్లలు ఏ దేశంలో ఏ ఊళ్లో ఉన్నారో, వాళ్లని అడిగి, ఒప్పుకుంటేనే వచ్చి రాయించండి. ఈ ముగ్గురు పిల్లల తల్లిదండ్రులూ ఆదివారం సాయంత్రం ఆరింటికి బ్యాంకు కాగితాలు, కుల ధ్రువీకరణ, ఆదాయం సర్టిఫికెట్లు పట్టుకుని రండి. కూర్చుని అందరివీ ఒకేసారి నింపుదాం. జై భీమ్.